సిస్టమ్‌డీ లేని చిన్న లైనక్స్ డెస్క్‌టాప్: తరచుగా అడిగే ప్రశ్నలు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్లి పాత థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాపో, లాటిట్యూడో తెచ్చుకుని, అందులో సిస్టమ్‌డీ లేకుండా తేలిగ్గా నడిచే లైనక్స్ వేసుకోవాలనుకునేవాళ్లు హైదరాబాద్‌లో తక్కువేం లేరు. సిస్టమ్‌డీ అంటే మెషీన్ ఆన్ కాగానే వెనకాల నడిచే ప్రోగ్రామ్‌లను (సర్వీసులను) స్టార్ట్ చేసి చూసుకునే ప్రోగ్రామ్, చాలా లైనక్స్‌లలో ఉండేది ఇదే. వాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇక్కడ ఒకచోట పెట్టాను. జవాబులు ముఖ్యంగా వాయిడ్ లైనక్స్‌కి, అందులో సిస్టమ్‌డీ బదులు ఉండే రన్‌ఇట్‌కి సంబంధించినవి. వేరే డిస్ట్రోలో (లైనక్స్ రకంలో) తేడా ఉంటే అక్కడికక్కడే చెప్పాను. కమాండ్లు, ఫైళ్ల పేర్లు పలికినట్టు తెలుగులో రాశాను, టెర్మినల్‌లో మాత్రం మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

సిస్టమ్‌డీ తీసేస్తే పాత ల్యాప్‌టాప్ స్పీడ్ అవుతుందా?

బూట్ అవడంలో కొన్ని సెకన్లు కలిసి రావచ్చు, అంతే. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేస్తే వచ్చే తేడా ముందు అది లెక్కలోకే రాదు. ర్యామ్ కూడా అంతే. గ్నోమ్ లాంటి పెద్ద డెస్క్‌టాప్ మానేసి ఓపెన్‌బాక్స్, ఐస్‌డబ్ల్యూఎం లాంటి విండో మేనేజర్‌తో సరిపెట్టుకుంటే ర్యామ్ బాగా మిగులుతుంది. ఆ పని సిస్టమ్‌డీ ఉన్న మెషీన్‌లోనూ చేసుకోవచ్చు. ఎన్ని చేసినా 4 జీబీ మెషీన్‌లో చివరికి ర్యామ్ తినేసేది బ్రౌజరే. దానికి జెడ్‌ర్యామ్ (ర్యామ్‌లోనే డేటాను కుదించి పెట్టే ఏర్పాటు) పెట్టుకోండి, వాయిడ్‌లో జెడ్‌ర్యామెన్ అనే ప్యాకేజీ ఉంది, సర్వీస్ ఆన్ చేస్తే చాలు.

మరి ఎందుకింత కష్టపడటం? నా మటుకు నాకు కారణం ఒక్కటే. మెషీన్‌లో ఏ ప్రోగ్రామ్ నడుస్తోందో, దాన్ని ఎవరు స్టార్ట్ చేశారో నాకు తెలుస్తుంది. చెడిపోతే ఎక్కడ వెతకాలో కూడా తెలుస్తుంది. ఇబ్బంది కూడా అక్కడే ఉంది. సిస్టమ్‌డీ చప్పుడు లేకుండా చేసిపెట్టే పనులు ఇక్కడ ఇంకెవరో చేయాలి: లాగిన్ అయినవాళ్లకు స్క్రీన్, కీబోర్డు, సౌండ్‌కార్డు అప్పగించడం, సెషన్‌కి డీబస్ (ప్రోగ్రామ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) ఇవ్వడం, మూత వేస్తే నిద్రపుచ్చడం, టైమ్ సరిచేయడం. "సిస్టమ్‌డీ లేదు కదా, అందుకే పనిచేయట్లేదు" అని నా దగ్గరకు తెచ్చే మెషీన్లలో చాలావరకు రెండే రకాలు. ఆ పని చేసేవాళ్లు ఎవరూ లేకపోవడం ఒకటి, ఒకే పనికి ఇద్దరు తయారై కొట్టుకోవడం రెండోది. కింద ఏ సమస్య చూసినా ముందు ఈ రెండింటిలో ఏదో తేల్చుకోండి.

సిస్టమ్‌డీ కావాలి, వద్దు అనే ఈ గొడవ ఎప్పుడు మొదలైంది?

లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ 2010లో సిస్టమ్‌డీ మొదలుపెట్టారు. 2011లో ఫెడోరా 15 దాన్ని డిఫాల్ట్‌గా తీసుకుంది. 2014లో డెబియన్ టెక్నికల్ కమిటీ కూడా అటే మొగ్గింది. 2015 ఏప్రిల్‌లో డెబియన్ 8, ఉబుంటు 15.04 రెండూ సిస్టమ్‌డీతోనే వచ్చాయి. నచ్చనివాళ్లు 2014 చివర్లో డెబియన్ నుంచి విడిపోయి దేవువాన్ మొదలుపెట్టారు, దాని మొదటి స్టేబుల్ వెర్షన్ 2017లో వచ్చింది. ఇంతకు మించి ఈ చరిత్రలోకి దిగితే సాయంత్రం అయిపోతుంది, మీ వైఫై మాత్రం అలాగే ఉంటుంది.

ఏ డిస్ట్రో వేసుకోవాలి?

డెబియన్ అలవాటు ఉంటే దేవువాన్. ప్యాకేజీలు వేసే ఆప్ట్ అంతా అదే, కింద సర్వీసులు నడపడానికి మాత్రం సిస్‌వీఇనిట్, ఓపెన్‌ఆర్‌సీ, రన్‌ఇట్‌లలో ఒకటి ఎంచుకోవచ్చు. బాగా పాత మెషీన్ అయితే, అదీ 32 బిట్ అయితే, యాంటీఎక్స్ చూడండి, ఇన్‌స్టాల్ అవగానే వాడుకోవడానికి డెస్క్‌టాప్ తయారుగా ఉంటుంది. ఆర్చ్ అలవాటైనవాళ్లకు ఆర్టిక్స్. ఆల్పైన్ చిన్నది, నాకు చాలా ఇష్టం, కానీ రోజువారీ డెస్క్‌టాప్‌గా అందరికీ చెప్పను. అది మామూలు లైనక్స్‌లు వాడే గ్లిబ్‌సీ బదులు మజిల్ అనే సీ లైబ్రరీ (ప్రోగ్రామ్‌లకు ఆధారమయ్యే కోడ్) మీద నడుస్తుంది. గూగుల్ క్రోమ్, జూమ్, ప్రింటర్ కంపెనీలు ఇచ్చే డ్రైవర్లు ఇలా రెడీమేడ్‌గా వచ్చేవన్నీ గ్లిబ్‌సీ కోసం తయారైనవే.

వాయిడ్ రెండు రకాలుగానూ దొరుకుతుంది. డౌన్‌లోడ్ పేజీలో మజిల్ అని రాసినది చిన్నగా ఉందని అది తీసుకోకండి. డెస్క్‌టాప్‌కి గ్లిబ్‌సీదే తీసుకోండి. తర్వాత మనసు మార్చుకుంటే ఒకదాన్నుంచి ఇంకోదానికి మారే దారి లేదు, మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిందే.

రన్‌ఇట్‌లో సర్వీస్ ఆన్, ఆఫ్ చేయడం ఎలా?

సర్వీసులన్నీ ఈటీసీ కింద ఎస్‌వీ అనే డైరెక్టరీలో ఉంటాయి. ఒక్కో సర్వీస్‌కి ఒక్కో ఫోల్డర్, అందులో రన్ అనే చిన్న షెల్ స్క్రిప్ట్. దాన్ని ఆన్ చేయాలంటే ఆ ఫోల్డర్‌కి వార్ కింద ఉన్న సర్వీస్ డైరెక్టరీలో సింబాలిక్ లింక్ (అసలు ఫోల్డర్‌ని చూపే షార్ట్‌కట్) పెట్టాలి. అయిదు సెకన్లకోసారి రన్‌ఇట్‌లోని రన్‌ఎస్‌వీడిర్ అక్కడ చూస్తుంది, కొత్త లింక్ కనిపిస్తే స్టార్ట్ చేస్తుంది. లింక్ తీసేస్తే సర్వీస్ ఆగుతుంది, తర్వాతి బూట్‌లో కూడా రాదు. అప్పటికప్పుడు ఆపడానికి ఎస్‌వీ డౌన్, మళ్లీ లేపడానికి ఎస్‌వీ అప్, ఎలా ఉందో చూడటానికి ఎస్‌వీ స్టేటస్.

స్టేటస్ చదవడం నేర్చుకుంటే సగం పని అయినట్టే. రన్ అని రాసి ఉంది కదా అని వదిలేయకండి, పక్కనున్న సెకన్ల అంకె చూడండి. మెషీన్ ఆన్ చేసి గంట అయినా అక్కడ 0, 1 సెకన్లే కనిపిస్తుంటే ఆ సర్వీస్ లేస్తూ పడుతూ ఉందన్నమాట. రన్‌ఇట్ విసుగు లేకుండా లేపుతూనే ఉంటుంది. అప్పుడు సర్వీస్‌ని ఆపి, రన్ స్క్రిప్ట్‌ని రూట్‌గా (అడ్మిన్‌గా) చేతితో నడిపి చూడండి. తప్పేంటో స్క్రీన్ మీదే కనబడుతుంది.

సూపర్‌వైజ్ ఫైల్ ఓపెన్ కావట్లేదని ఎర్రర్ వస్తే మూడు కారణాలు ఉండొచ్చు. లింక్ ఇప్పుడే పెట్టి ఉంటారు, అయిదు సెకన్లు ఆగండి. లింక్‌లో పేరు తప్పు పడి ఉంటుంది. లేదా మీరు సీహెచ్‌రూట్‌లో (వేరే సిస్టమ్ నుంచి ఈ డిస్క్‌లోకి దిగి పనిచేసే పద్ధతిలో) ఉన్నారు, అక్కడ రన్‌ఇట్ నడవదు. పర్మిషన్ లేదని వస్తే కమాండ్ ముందు సుడో (రూట్ హక్కు ఇచ్చేది) మరిచిపోయారు, అంతే.

సొంతంగా సర్వీస్ రాశాను. స్టార్ట్ అయినట్టే ఉంది, కానీ పోర్ట్ బిజీ అని ఎర్రర్లు వస్తున్నాయి.

మీ ప్రోగ్రామ్ తనంతట తానే బ్యాక్‌గ్రౌండ్‌కి వెళ్లిపోతోంది. రన్ స్క్రిప్ట్ ముగిసింది కాబట్టి సర్వీస్ చచ్చిపోయిందనుకుని రన్‌ఇట్ ఇంకొకటి లేపుతుంది. మొదటిది పోర్ట్ పట్టుకుని కూర్చుని ఉంటుంది, రెండోది ఎర్రర్ ఇచ్చి పోతుంది, మళ్లీ మూడోది. ప్రోగ్రామ్‌ని ఫోర్‌గ్రౌండ్‌లోనే ఉంచే ఆప్షన్ మాన్యువల్‌లో వెతికి పెట్టండి, ఆ లైన్‌కి ముందు ఎగ్జెక్ రాయండి. స్క్రిప్ట్‌కి ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇవ్వడం మరవద్దు.

సిస్టమ్‌డీ లాగ్‌లు చూపే జర్నల్‌సీటీఎల్ లేదు కదా, లాగ్‌లు ఎక్కడ చూడాలి?

వాయిడ్ కొత్తగా వేసినప్పుడు సిస్టమ్ లాగ్ రాసే ప్రోగ్రామే ఉండదు. చాలామందికి ఇది తెలియక, వార్ లాగ్ ఖాళీగా ఉందని టెన్షన్ పడతారు. సాక్‌లాగ్ వాయిడ్ ప్యాకేజీ వేసి, సాక్‌లాగ్ యునిక్స్, నానోకెలాగ్‌డీ అనే రెండు సర్వీసులూ ఆన్ చేయండి. మీ యూజర్‌ని సాక్‌లాగ్ గ్రూప్‌లో చేర్చి, ఒకసారి లాగౌట్ అయి రండి. ఆ తర్వాత ఎస్‌వీలాగ్‌టెయిల్ కొడితే అన్నీ వరుసగా వస్తాయి. ఇన్‌స్టాల్ చేసిన రోజే ఇది చేసి పెట్టుకోండి. సమస్య వచ్చాక లాగ్ ఆన్ చేస్తే అంతకుముందు జరిగింది అందులో ఉండదు.

కెర్నల్ సంగతులకు డీమెసేజ్ ఎప్పుడూ ఉంటుంది. స్క్రీన్ మీద విండోలు చూపించే ఎక్స్‌ఆర్గ్ (ఎక్స్) లాగ్ హోమ్ డైరెక్టరీలో డాట్ లోకల్, షేర్, ఎక్స్‌ఆర్గ్ కింద గానీ, వార్ లాగ్‌లో గానీ దొరుకుతుంది. అందులో బ్రాకెట్‌లో రెండు 'ఈ'లు ఉన్న లైన్లు మాత్రం చూడండి, మిగతావి చదివితే లేనిపోని అనుమానాలు వస్తాయి.

డెస్క్‌టాప్ కోసం స్టార్ట్ఎక్స్ కొట్టగానే నల్ల స్క్రీన్ వచ్చి మళ్లీ టెక్స్ట్‌కే వచ్చేస్తోంది. ఎందుకు?

ఎక్కువసార్లు తప్పు స్టార్ట్ఎక్స్ నడిపే డాట్ ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సీ ఫైల్‌లోనే ఉంటుంది. ఆ ఫైల్‌లో వాల్‌పేపర్, ప్యానెల్, వైఫై ఐకాన్ లాంటివన్నీ లైన్ చివర యాంపర్‌శాండ్ పెట్టి వెనక్కి పంపుతాం. విండో మేనేజర్‌ని నడిపే ఆఖరి లైన్‌కి మాత్రం అది ఉండకూడదు. ఉంటే స్క్రిప్ట్ వెంటనే ముగుస్తుంది, స్క్రిప్ట్ ముగిస్తే ఎక్స్ కూడా ముగుస్తుంది.

ఆఖరి లైన్ ఎగ్జెక్, తర్వాత డీబస్ రన్ సెషన్, తర్వాత విండో మేనేజర్ పేరు, ఈ వరుసలో ఉండాలి. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. డీబస్ సెషన్ ఆ ఆఖరి లైన్‌లోనే పుడుతుంది కాబట్టి, దానికి పైన స్టార్ట్ చేసిన ప్రోగ్రామ్‌లకు సెషన్ బస్ అడ్రస్ తెలియదు. సౌండ్, నోటిఫికేషన్లు, తెలుగు టైపింగ్ ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోవడానికి ఎక్కువగా ఇదే కారణం. వాటిని ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సీలో కాకుండా విండో మేనేజర్ సొంత ఆటోస్టార్ట్ ఫైల్‌లో పెట్టండి. ఓపెన్‌బాక్స్ వాడితే ఓపెన్‌బాక్స్ సెషన్ అనే కమాండ్‌తో స్టార్ట్ చేయాలి, అప్పుడే ఆటోస్టార్ట్ ఫైల్ చదువుతుంది.

ఎక్స్ వచ్చింది, కానీ మౌస్, కీబోర్డు కదలట్లేదు. స్వే (ఎక్స్ బదులు వేలాండ్ మీద నడిచే విండో మేనేజర్) అయితే అసలు స్టార్టే కాదు.

ఇది సీట్ సమస్య. స్క్రీన్, ఇన్‌పుట్ పరికరాలు ప్రస్తుతం ఏ యూజర్‌వో చెప్పేవాళ్లు ఒకరుండాలి. సిస్టమ్‌డీలో ఆ పని లాగిన్‌డీ చేస్తుంది. మనకు రెండు దారులున్నాయి.

మొదటిది ఈలాగిన్‌డీ. సిస్టమ్‌డీలోని లాగిన్‌డీ భాగాన్ని మాత్రం విడదీసి, విడిగా నడిచేలా చేసినది. దీన్ని వేసి, డీబస్ సర్వీస్ ఆన్ చేసి, మళ్లీ లాగిన్ అవ్వండి. అవసరమైనప్పుడు డీబస్సే దాన్ని లేపుతుందని అంటారు గానీ, అది లేచేలోపు డెస్క్‌టాప్ ముందుకు వెళ్లిపోయి ఇబ్బంది పెట్టడం ఉంది. ఈలాగిన్‌డీ సర్వీస్‌ని నేరుగా ఆన్ చేసుకోవడమే మేలు. లాగిన్‌సీటీఎల్ కొట్టినప్పుడు మీ సెషన్, దాని పక్కన సీట్0 కనిపిస్తే అంతా బాగున్నట్టు.

రెండోది సీట్‌డీ. చాలా చిన్నది, స్వే, ల్యాబ్‌డబ్ల్యూసీ లాంటి వేలాండ్ వాటికి చక్కగా సరిపోతుంది. సర్వీస్ ఆన్ చేసి యూజర్‌ని అండర్‌స్కోర్ సీట్‌డీ అనే గ్రూప్‌లో చేర్చాలి. అయితే ఇది సీట్ పని తప్ప ఇంకేం చేయదు. ఎక్స్‌డీజీ రన్‌టైమ్ డిర్ అనే వేరియబుల్ సెట్ కాలేదని ఎర్రర్ వచ్చేది ఇక్కడే. ఈలాగిన్‌డీ ఉంటే రన్, యూజర్ కింద మీ యూజర్ నంబరుతో, సాధారణంగా 1000తో, ఒక డైరెక్టరీ తయారుచేసి పెడుతుంది. సీట్‌డీ చేయదు. లాగిన్ స్క్రిప్ట్‌లో మీరే ఒక డైరెక్టరీ తయారుచేసి, 700 పర్మిషన్ ఇచ్చి, వేరియబుల్ ఎక్స్‌పోర్ట్ చేయాలి. ల్యాప్‌టాప్ మీద, బ్లూటూత్, సస్పెండ్ అన్నీ కావాలనుకునేవాళ్లకు ఈలాగిన్‌డీయే నా సలహా. రెండూ కలిపి ఆన్ చేయకండి.

యూజర్‌ని వీడియో, ఇన్‌పుట్, ఆడియో అని కనిపించిన ప్రతి గ్రూప్‌లో చేర్చేసే అలవాటు చాలామందికి ఉంది. పని నడుస్తుంది, నిజమే. ఇన్‌పుట్ గ్రూప్‌లో ఉంటే మాత్రం మీ పేరు మీద నడిచే ఏ ప్రోగ్రామైనా మీరు కొట్టే ప్రతి కీ చదవగలదు, బ్యాంక్ పాస్‌వర్డ్‌తో సహా.

వైఫై కనెక్ట్ అవుతుంది, రెండు నిమిషాలకు పోతుంది.

ఇద్దరు కొట్టుకోవడమంటే ఇదే. వాయిడ్‌లో ముందునుంచీ ఐపీ అడ్రస్ తెచ్చే డీహెచ్‌సీపీసీడీ, వైఫైకి కలిపే డబ్ల్యూపీఏ సప్లికెంట్ ఉంటాయి. మీరు దానిమీద నెట్‌వర్క్ మేనేజర్ కూడా ఆన్ చేశారు. ఒకరు ఇచ్చిన అడ్రస్‌ని ఇంకొకరు తీసేస్తుంటారు. నెట్‌వర్క్ మేనేజర్ కావాలంటే మిగతా రెండింటి లింకులు తీసేయండి. ఇంట్లో ఒకే రూటర్‌తో సరిపోయేవాళ్లకు పాత రెండూ చాలు. కేఫ్‌లు, ఆఫీసు, హాస్టల్ అని తిరిగేవాళ్లకు నెట్‌వర్క్ మేనేజరే సుఖం.

వైఫై కార్డే కనిపించకపోతే సంగతి వేరు. ముందు ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ కొట్టి ఎక్కడైనా బ్లాక్ అయిందేమో చూడండి. తర్వాత ఎల్ఎస్‌పీసీఐలో కార్డు పేరు చూడండి. ఇంటెల్ కార్డులకు దాదాపు ఎప్పుడూ పేచీ ఉండదు. బ్రాడ్‌కామ్ బీసీఎం43142 అని వస్తే కెర్నల్‌లో ఉన్న డ్రైవర్ పనికిరాదు. వాయిడ్ నాన్‌ఫ్రీ రిపోజిటరీ జోడించి బ్రాడ్‌కామ్ డబ్ల్యూఎల్ డీకేఎంఎస్ వేయాలి. నెట్ లేకుండా నెట్ డ్రైవర్ ఎలా దించుకోవాలని అడుగుతారు. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో పెట్టి టెథరింగ్ ఆన్ చేయండి. ల్యాప్‌టాప్‌కి అది వైర్డ్ నెట్‌లా కనిపిస్తుంది, డీహెచ్‌సీపీసీడీ దానంతట అదే అడ్రస్ తీసుకుంటుంది. సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనేటప్పుడు ఒక లైవ్ పెన్‌డ్రైవ్ వెంట తీసుకెళ్లి షాపులోనే వైఫై, సౌండ్, కీబోర్డు చూసుకుంటే ఈ ప్రశ్నే రాదు.

సౌండ్ రావట్లేదు.

ముందు కింది నుంచి మొదలుపెట్టండి. ఆల్సామిక్సర్ తెరిచి ఎఫ్6తో అసలు సౌండ్‌కార్డు ఎంచుకోండి, చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ ముందు వచ్చి కూర్చుంటుంది. మాస్టర్ కింద రెండు 'ఎం'లు ఉంటే మ్యూట్‌లో ఉన్నట్టు, ఎం నొక్కి తీయండి. కార్డే లేదంటే, కాస్త కొత్త ల్యాప్‌టాప్‌లకు సోఫ్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ కావాలి.

కింద బాగానే ఉండి బ్రౌజర్‌లో రాకపోతే, ప్రోగ్రామ్‌ల సౌండ్‌ని కార్డుకి చేర్చే పైప్‌వైర్ సంగతి చూడాలి. సిస్టమ్‌డీ ఉన్నచోట పైప్‌వైర్, దానికి తోడుండే వైర్‌ప్లంబర్ యూజర్ సర్వీసులుగా వాటంతటవే లేస్తాయి. ఇక్కడ లేపేవాళ్లు లేరు. వాయిడ్‌లో వైర్‌ప్లంబర్, పైప్‌వైర్ పల్స్ కాన్ఫిగరేషన్ ఫైళ్లకు ఈటీసీ, పైప్‌వైర్ కింద పైప్‌వైర్ డాట్ కాన్ఫ్ డాట్ డీలో లింకులు పెట్టేస్తే, ఆటోస్టార్ట్‌లో పైప్‌వైర్ అని ఒక్క లైన్ రాస్తే చాలు, మిగతా రెండింటినీ అదే లేపుతుంది. ఆ తర్వాత ఆటోస్టార్ట్‌లో వైర్‌ప్లంబర్ లైన్ విడిగా ఉంచకండి, అది ఇద్దరయ్యే దారి. డబ్ల్యూపీసీటీఎల్ స్టేటస్‌లో డమ్మీ అవుట్‌పుట్ ఒక్కటే కనిపిస్తే వైర్‌ప్లంబర్ లేవలేదని గానీ, సీట్ హక్కు రాలేదని గానీ అర్థం. పైప్‌వైర్‌ని రూట్ సర్వీస్‌గా మాత్రం పెట్టకండి.

తెలుగు అక్షరాలు డబ్బాలుగా వస్తున్నాయి.

ఫాంట్ లేదు. వాయిడ్‌లో నోటో ఫాంట్స్ టీటీఎఫ్, దేవువాన్‌లో ఫాంట్స్ టెలు ప్యాకేజీ వేసి, ఎఫ్‌సీ క్యాష్ నడిపి, బ్రౌజర్ మూసి తెరవండి. పోతన, వేమన, రామభద్ర, మల్లన్న లాంటి ఫాంట్లు మీ దగ్గర ఉంటే హోమ్‌లో డాట్ లోకల్, షేర్, ఫాంట్స్ కింద వేసుకున్నా చాలు.

డబ్బాలు పోయాక కూడా ఒత్తులు విడివిడిగా, గుణింతాలు పక్కకు జరిగి కనిపిస్తే అది ఫాంట్ తప్పు కాదు, ఆ ప్రోగ్రామ్‌ది. తెలుగు అక్షరాలను కలిపి గీయడానికి హార్ఫ్‌బజ్ లాంటి లైబ్రరీ వాడాలి. జీటీకే, క్యూటీ ప్రోగ్రామ్‌లు, బ్రౌజర్లు వాడతాయి. ఎక్స్‌టర్మ్, ఎస్‌టీ లాంటి చిన్న టెర్మినళ్లు వాడవు. టెర్మినల్‌లోనే తెలుగు చదవాల్సిన పని ఉంటే ఎంఎల్‌టర్మ్ చూడండి. ఎక్స్ లేని నల్ల కన్సోల్‌లో మాత్రం తెలుగు ఆశ వదులుకోండి.

అను ఫాంట్లతో డీటీపీ చేసిన పాత ఫైళ్లు అర్థంకాని గుర్తులుగా వస్తున్నాయని కూడా అడుగుతారు. అవి యూనికోడ్ కాదు. ఏ ఫాంట్ వేసినా మారవు, కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

తెలుగు టైప్ చేయడం ఎలా?

ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు) వస్తే అసలు ఏ ప్రోగ్రామూ అక్కర్లేదు. సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్‌లో లేఔట్‌గా యూఎస్, ఐఎన్ రెండూ, రెండోదానికి వేరియంట్‌గా టీఈఎల్ ఇచ్చి, ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే మారేలా ఆప్షన్ పెట్టండి. ఒక్క లైన్ పని. మినిమల్ డెస్క్‌టాప్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన ఏర్పాటు ఇదే, ఇందులో చెడిపోవడానికి ఏమీ లేదు.

"అమ్మ" కోసం ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టే అలవాటున్నవాళ్లకు ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రామ్, దానికి ఎం17ఎన్ జోడించాలి. అందులో తెలుగు కింద ఐట్రాన్స్, ఆర్‌టీఎస్, ఇన్‌స్క్రిప్ట్ ఉంటాయి. ఐబస్ ఐకాన్ వచ్చినా బ్రౌజర్‌లో తెలుగు పడట్లేదంటే మూడు వేరియబుల్స్ సెట్ కాలేదన్నమాట: జీటీకే ఐఎం మాడ్యూల్, క్యూటీ ఐఎం మాడ్యూల్, ఎక్స్ మాడిఫయర్స్. ఈ మూడూ ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సీలో విండో మేనేజర్ లైన్‌కి పైన ఎక్స్‌పోర్ట్ చేయాలి. ఐబస్ డీమన్ మాత్రం ఆటోస్టార్ట్‌లో ఉండాలి, దానికి డీబస్ కావాలి కాబట్టి.

గడియారం అయిదున్నర గంటలు తేడా చూపిస్తోంది.

విండోస్ కూడా ఉన్న మెషీన్ అయి ఉంటుంది. మన టైమ్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) కంటే 5 గంటల 30 నిమిషాలు ముందు. విండోస్ మదర్‌బోర్డు గడియారంలో భారత సమయం రాస్తుంది, లైనక్స్ దాన్ని యూటీసీ అనుకుని ఇంకో అయిదున్నర గంటలు కలుపుతుంది. వాయిడ్‌లో ఈటీసీ కింద ఆర్‌సీ డాట్ కాన్ఫ్‌లో హార్డ్‌వేర్ క్లాక్ లైన్‌ని లోకల్‌టైమ్ అని మార్చండి. టైమ్‌జోన్ ఆసియా కోల్‌కతా అని ఉండాలి. విండోస్ లేకపోతే యూటీసీగానే వదిలేయండి.

తేడా గంటల్లో కాక ఏళ్లలో ఉంటే సీమోస్ బ్యాటరీ అయిపోయింది. పాత ల్యాప్‌టాప్‌లలో ఇది మామూలే, ఎక్కువగా సీఆర్2032 బిళ్లే ఉంటుంది, కొన్నిటిలో వైరుతో. తేదీ తప్పయితే ఏ వెబ్‌సైటూ తెరుచుకోదు, సర్టిఫికెట్ ఎర్రర్ వస్తుంది. ప్యాకేజీలు కూడా దిగవు. నెట్ పోయిందని రూటర్ ఆపి ఆన్ చేస్తూ కూర్చుంటారు పాపం. ముందు డేట్ కమాండ్‌తో తేదీ చూడండి. నెట్ నుంచి టైమ్ సరిచేసే క్రోనీ సర్వీస్ ఆన్ చేసి, సెట్టింగుల్లో మేక్‌స్టెప్ లైన్ ఉందో లేదో చూసుకోండి. అది లేకపోతే ఎంత పెద్ద తేడానైనా కొంచెం కొంచెంగానే సరిచేస్తుంది.

కరెంటు పోయి వచ్చాక బూట్ మధ్యలో ఆగిపోతోంది.

ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలి వచ్చిన సాయంత్రాల్లో ఈ ప్రశ్న ఎక్కువ. బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్‌ని అడాప్టర్ మీదే నడిపేవాళ్లకు మరీను. ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4 అయితే జర్నల్ ఉంటుంది కాబట్టి మామూలుగా దానంతటదే సర్దుకుంటుంది. ఎమర్జెన్సీ షెల్‌లో పడితే బీఎల్‌కేఐడీతో రూట్ పార్టిషన్ పేరు చూసి, అది మౌంట్ కాకుండా ఉన్నప్పుడు ఎఫ్ఎస్‌సీకే నడపండి. ఎక్స్ఎఫ్ఎస్‌కి ఎఫ్ఎస్‌సీకే ఏమీ చేయదు, ఎక్స్ఎఫ్ఎస్ రిపేర్ వాడాలి. ప్రతిసారీ ఇలాగే అవుతుంటే డిస్క్‌ని స్మార్ట్‌సీటీఎల్‌తో ఒకసారి పరీక్షించండి, తప్పు కరెంటుది కాకపోవచ్చు.

మూత వేస్తే నిద్రపోతుంది, తెరవగానే మళ్లీ నిద్రపోతుంది.

ఏసీపీఐడీ (మూత, పవర్ బటన్ల లాంటివాటిని గమనించే సర్వీస్), ఈలాగిన్‌డీ రెండూ మూత సంగతి చూస్తున్నాయి. ఏసీపీఐడీ లింక్ తీసేయండి. బ్రైట్‌నెస్ బటన్ల కోసం అది కావాలంటే ఈలాగిన్‌డీ సెట్టింగుల్లో మూతకు ఇగ్నోర్ అని పెట్టండి. నిద్రపుచ్చడానికి జెడ్ జెడ్ జెడ్ కమాండ్, షట్‌డౌన్‌కి ఈలాగిన్‌డీ, హక్కులు చూసే పోల్‌కిట్ ఉంటే లాగిన్‌సీటీఎల్ పవర్‌ఆఫ్. పాస్‌వర్డ్ అడగదు.

అమీర్‌పేటలో లైనక్స్ కోర్సు చేరాను, అక్కడంతా సిస్టమ్‌డీ కమాండ్ సిస్టమ్‌సీటీఎల్ చెబుతున్నారు. ఇది వేసుకుంటే నష్టమా?

ఉద్యోగానికి సిస్టమ్‌డీ రావాల్సిందే. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 2014లో వచ్చిన 7వ వెర్షన్ నుంచీ దాని మీదే నడుస్తోంది, ఇంటర్వ్యూలో అడిగేదీ అదే. ల్యాప్‌టాప్‌లో వాయిడ్ ఉంచుకుని, కేవీఎం వర్చువల్ మెషీన్‌లో ఆల్మాలైనక్స్ గానీ రాకీ గానీ వేసుకుని ప్రాక్టీస్ చేయండి. డాకర్‌కి రన్‌ఇట్ సర్వీస్ ఉంది, ఫ్లాట్‌ప్యాక్ నడుస్తుంది. స్నాప్ మాత్రం సిస్టమ్‌డీ లేకుండా నడవదు.

ప్రింటర్ పనిచేస్తుందా?

కొత్త వైఫై ప్రింటర్లు చాలావరకు డ్రైవర్ లేకుండానే పనిచేస్తాయి, ప్రింటింగ్ చూసే కప్స్‌డీ, నెట్‌వర్క్‌లో ప్రింటర్‌ని వెతికే అవాహి డీమన్ సర్వీసులు ఆన్‌లో ఉంటే చాలు. మన జిరాక్స్ షాపుల్లో, చిన్న ఆఫీసుల్లో ఉండే పాతవాటితోనే పేచీ. హెచ్‌పీ 1020కి ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్ నుంచి ఫర్మ్‌వేర్ పంపాలి. హెచ్‌పీలిప్ వేసి, హెచ్‌పీ ప్లగిన్ కమాండ్ నడిపితే ఆ పని అదే చేస్తుంది. కానన్ ఎల్‌బీపీ2900కి క్యాప్ట్ అనే సొంత డ్రైవర్ కావాలి, కంపెనీ దాన్ని డెబ్, ఆర్‌పీఎం రూపాల్లోనే ఇస్తుంది, వెనకాల సీసీపీడీ అనే డీమన్ నడవాలి. ఈ ప్రింటర్ రోజూ వాడేవాళ్లయితే వాయిడ్ బదులు దేవువాన్ వేసుకోండి, చాలా శ్రమ తప్పుతుంది.

అప్‌డేట్ చేశాక బూట్ కాలేదు.

వాయిడ్ పాత కెర్నళ్లను తీసేయదు. గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి ముందటి కెర్నల్ ఎంచుకోండి. అలా ఉంచడం వల్లే బూట్ పార్టిషన్ చిన్నదైతే నిండిపోయి కొత్త కెర్నల్ సగం రాసి ఆగుతుంది. అప్పుడప్పుడు వీకేపర్జ్‌తో పాతవి తీసేయండి, ఒకటి మాత్రం ఉంచండి. నెలల తర్వాత అప్‌డేట్ చేస్తుంటే ముందు ప్యాకేజీలు వేసే ఎక్స్‌బీపీఎస్‌నే అప్‌డేట్ చేయమంటుంది, చేసి, మళ్లీ పూర్తి అప్‌డేట్ నడపండి. మొత్తం అప్‌డేట్ చేయకుండా ఒక్క కొత్త ప్యాకేజీ వేసుకుందామంటే లైబ్రరీలు కుదరక గొడవ చేస్తాయి.

ఇంట్లో పెద్దవాళ్లకు ఇలాంటి మెషీన్ ఇవ్వొచ్చా?

మీరు అదే ఇంట్లో ఉంటే ఇవ్వొచ్చు. ఊళ్లో ఉన్న నాన్నగారికి పంపడానికైతే నేను వద్దనే అంటాను, ఫోన్‌లో "టెర్మినల్ తెరిచి ఎస్‌వీ స్టేటస్ కొట్టండి నాన్నా" అనడం జరిగే పని కాదు. ఇచ్చేటట్టయితే లాగిన్ అడగకుండా చేయండి. లాగిన్ అడిగే ఎజెట్టీ టీటీవై1 సర్వీస్ ఫోల్డర్‌ని వేరే పేరుతో కాపీ చేసి, అందులోని కాన్ఫ్ ఫైల్‌లో ఆటోలాగిన్ ఆప్షన్, వాళ్ల యూజర్ పేరు రాయండి. పాత లింక్ తీసి కొత్తది పెట్టండి. రెండూ ఉంటే ఒకే స్క్రీన్ కోసం కొట్టుకుంటాయి. బ్యాష్ ప్రొఫైల్‌లో టీటీవై1 అయితేనే స్టార్ట్ఎక్స్ నడిచేలా షరతు పెట్టండి, ఆటోస్టార్ట్‌లో ఫైర్‌ఫాక్స్ వేయండి, టీవీ సీరియల్ దొరికే పేజీని హోమ్‌పేజీగా పెట్టండి.